గెలిచే జట్టును పై తరగతికి పంపండి

టెక్సాస్ యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అధికారులకు,

2013 అక్టోబరులో అలీడో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫోర్ట్‌వర్త్‌కు చెందిన వెస్టర్న్ హిల్స్‌ను 91–0తో చిత్తుచేసింది. అలీడో కోచ్ తన మేటి ఆటగాళ్లను తొందరగానే బెంచీ మీద కూర్చోబెట్టాడు. మూడో క్వార్టర్ నుంచి గడియారాన్ని ఆపకుండా నడిపించారు. అయినా స్కోరు ఆగలేదు! ఓడిన జట్టు కుర్రాడి తరఫున ఇంటి పెద్ద ఒకరు ఇది వేధింపేనని ఫిర్యాదు చేశారు. విచారణలో అలాంటిదేమీ లేదని తేల్చారు.

సరే, ఆ రెండు జట్లను ఒకే బరిలోకి దింపిందెవరు?

లీగ్ రెండేళ్లకోసారి విద్యార్థుల సంఖ్యను బట్టి బడులను 1ఎ నుంచి 6ఎ దాకా తరగతులుగా విడదీస్తుంది. హాజరుపట్టీలో పేర్లు లెక్కపెడితే మైదానంలో బలం తెలియదు. అలీడో 2023 నాటికి 12 రాష్ట్ర టైటిళ్లు గెలిచింది. టెక్సాస్‌లో అప్పటికి మరే బడికీ అన్ని లేవు.

ఇండియానా రాష్ట్రం దీనికి 2012లోనే దారి వెతికింది. టోర్నీ విజయాలకు పాయింట్లిచ్చి, రెండేళ్లలో 6 వచ్చిన జట్టును పై తరగతికి పంపేలా నిబంధన పెట్టింది.

ఇలా పంపడంలో చిక్కు లేకపోలేదు. కప్పు గెలిచిన సీనియర్లు బడి దాటి వెళ్లిపోతారు, పై తరగతిలో దెబ్బలు తినేది వాళ్ల తమ్ముళ్లు. ఒళ్లు ఒళ్లు ఢీకొనే ఆటలో అది చిన్న విషయం కాదు. అందుకే టెక్సాస్‌లో రెండేళ్లు కాదు, నాలుగేళ్ల ఆట చూసి ఒక్క తరగతే పెంచాలి. తేలిపోతే తిరిగి దిగే వీలుండాలి. వచ్చే విభజనకు ముందే కోచ్‌ల అభిప్రాయం అడిగితే మంచిది, ఓడేవాళ్లను కూడా కలుపుకుని.