టైటాన్స్ ఓటములు... మన పిల్లల మోకాళ్లు

ప్రొ కబడ్డీ 2023–24 సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి గెలిచినవి రెండే. అంతకుముందు సీజన్‌లోనూ అంతే. వేలంలో రూ.2.6 కోట్లకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చుకున్నా చివరి స్థానం తప్పలేదు. డిఫెన్స్ నిలబడనప్పుడు ఒక్క రెయిడర్ ఎంతని లాగగలడు?

ఇదే పవన్ 2022లో తమిళ్ తలైవాస్‌కు ఆడుతూ తొలి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తొందరపడకుండా కోలుకుని, 2023 అక్టోబరులో కెప్టెన్‌గా భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు.

మన ఖమ్మం, భద్రాచలం పల్లెల్లో ఆ ఓపికే కరవు. సంక్రాంతి పోటీల్లో మోకాలు మెలిపడితే నూనెతో మర్దన చేసి, కట్టు కట్టి మర్నాడే బరిలోకి పంపుతున్నాం. ‘టప్’మని శబ్దం వచ్చినా, కొద్ది గంటల్లోనే వాచినా, నడకలో కాలు పట్టు తప్పుతున్నా లిగమెంటు తెగిందేమోనని అనుమానించాలి.

* వెంటనే ఆట ఆపాలి. మర్దన వద్దు.
* బట్టలో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి.
* ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. లిగమెంటు అందులో కనిపించదు.
* ఆపరేషన్ అయితే మళ్లీ ఆడేందుకు సాధారణంగా 9 నెలలైనా ఆగాలి. ఫిజియోథెరపీ మానొద్దు.

తెగిన లిగమెంటుతోనే ఆడిస్తే లోపలి మెనిస్కస్ కూడా చిరిగి, చిన్న వయసులోనే కీలు అరిగిపోవచ్చు. టైటాన్స్ మరుసటి సీజన్‌లోనే 12 మ్యాచ్‌లు గెలిచి తేరుకుంది. మోకాలు అంత త్వరగా తేరుకోదు. పోటీ ఉందని పిల్లాడిని తొందరపెట్టకండి.