ఆత్రానికి సర్కారు ధర

పవన్ కల్యాణ్ సినిమా ‘ఓజీ’ తొలి ఆట టికెట్‌ను వెయ్యి రూపాయలకు అమ్ముకోవచ్చని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 సెప్టెంబరు 17న అనుమతి ఇచ్చింది. 24వ తేదీ అర్ధరాత్రి దాటాక, 25న ఒంటిగంటకు వేసే ఆటకు ఆ ధర. ఆపైన అక్టోబరు 4 వరకు సింగిల్ స్క్రీన్ థియేటర్లలో 125, మల్టీప్లెక్సుల్లో 150 రూపాయల దాకా అదనం. ఇది తప్పుడు నిర్ణయం. ప్రభుత్వం దీన్ని వెనక్కి తీసుకోవాల్సింది.

మా జగ్గయ్యపేటలో, నందిగామలో నలుగురు కుర్రాళ్లు ఎక్కడ చేరినా అప్పుడు ఈ సినిమా మాటే. దర్శకుడు సుజీత్ ఈ కథను తన పాత సినిమా ‘సాహో’తో ముడిపెట్టాడా, దాని హీరో ప్రభాస్ ఒక్క షాట్‌లోనైనా కనిపిస్తాడా, సంగీత దర్శకుడు తమన్ ఈసారి బాక్సులు బద్దలు కొడతాడా అని పందేలు కాశారు. 2022 డిసెంబరులో ప్రకటించిన సినిమా ఇది. 2024 సెప్టెంబరు 27కే రావలసింది, రాలేదు. రాజకీయ సభల్లో సైతం అభిమానులు ‘ఓజీ, ఓజీ’ అని అరిచి సాక్షాత్తూ తమ హీరో చేతనే చీవాట్లు తిన్నారు. ఈ ఎదురుచూపును మేం చులకన చేయం. సిమెంటు లారీ మీద క్లీనరుగా తిరిగే కుర్రాడికి, మిర్చి నాట్లకు కూలికి వెళ్లొచ్చే కుర్రాడికి ఏడాదిలో ఒకటో రెండో వచ్చే పండగలు ఇవి. ఆ పండగ మీద వెయ్యి రూపాయల చీటీ అంటించి, దాని కింద సచివాలయం సంతకం పెట్టడమే మేం సహించలేనిది.

దీనికి చెప్పిన సమర్థన ఒకటే. డిమాండ్ ఉంది కాబట్టి ధర పెరుగుతుంది, ఇష్టమున్నవాడే కొంటాడు, పెరిగిన ధర మీద ఖజానాకు పన్ను వస్తుంది. 2025 జనవరిలో రాజమహేంద్రవరంలో ‘గేమ్ ఛేంజర్’ సినిమా సభలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ధరల పెంపును ఈ డిమాండ్, సప్లై లెక్కతోనే వెనకేసుకొచ్చారు. తర్వాత అదే మాట ఆయన సొంత సినిమాకు అక్కరకొచ్చింది. ఈ వాదన బండారం బయటపెట్టక తప్పదు.

మొదటి సంగతి, ఇది మార్కెట్ కాదు. మన రాష్ట్రంలో టికెట్ ధర ఎంతో చెప్పే అధికారం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ప్రభుత్వం చేతిలో ఉంది. 2022 మార్చి 7న వచ్చిన జీవో 13 ప్రకారం అప్పట్లో జగ్గయ్యపేట లాంటి మున్సిపాలిటీలో ఏసీ థియేటర్ టికెట్ 60, 80 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ కంచెను అందరికీ అలాగే ఉంచి, ఒక్క సినిమా పేరు రాసి, ఆ ఒక్కదానికి తలుపు తీస్తే అది గిరాకీ కాదు, సిఫారసు. నిజంగా డిమాండే ధరను నిర్ణయించేటట్లయితే హోం శాఖ దగ్గర దరఖాస్తు చేతబట్టుకుని నిలబడాల్సిన పనేముంది? జనం రాని సినిమాకు రెండో వారం టికెట్ ఇరవై రూపాయలకు దించమని ఏ జీవో అయినా వచ్చిందా? పైకి ఎక్కడానికే తప్ప కిందికి దిగడానికి పనికిరాని డిమాండ్ ఎక్కడిది?

సప్లై మాటా అంతే. కోరిక ఎక్కువై సీట్లు తక్కువైతే ఆటలు పెంచాలి. 24 సాయంత్రం నుంచే మామూలు ధరకు ఎన్ని ఆటలైనా వేసుకోమని ఉంటే, చూడాలనుకున్న ప్రతివాడికీ సీటు దొరికేది. అలా కాకుండా అర్ధరాత్రి ఒక్క ఆట పెట్టి, కొరత పుట్టించి, ఆ కొరతకు వెయ్యి రూపాయలు అడిగారు. కరువు సృష్టించింది ఈ అనుమతి కాగితమే, కరువు ధర నిర్ణయించిందీ ఈ కాగితమే.

డిమాండ్, సప్లై అంటే ఏమిటో ఈ మెట్ట ప్రాంతపు రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర కూలినప్పుడు వత్సవాయి, పెనుగంచిప్రోలు రైతు ఆ పాఠం ఒళ్లు మండేలా నేర్చుకున్నాడు. మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రం నోట పలికించడానికి ఫిబ్రవరి చివరి వారం దాకా పట్టింది. ఆరుగాలం పండించినవాడికి మార్కెట్ సూత్రం, సినిమా తీసినవాడికి మాత్రం అడిగిన వెంటనే ప్రత్యేక అనుమతి! ఇదెక్కడి న్యాయం?

ఇక ఇష్టమున్నవాడే కొంటాడన్న మాట. బట్ట కొనేవాడు నేత చూస్తాడు, మిర్చి కొనేవాడు రంగు చూస్తాడు. తొలి ఆటకు వెళ్లేవాడు ఏం చూసి కొంటాడు? సినిమా బాగుందో లేదో చెప్పేవాడు ఊళ్లో ఒక్కడు కూడా లేని గంటలో అన్నిటికంటే ఎక్కువ ధర పెట్టారు. ఇక్కడ అమ్ముడయ్యేది సినిమా కాదు, దాని కోసం పడిన ఆత్రం. 2023 సెప్టెంబరు నుంచి గ్లింప్స్, పాట, పోస్టరు, కౌంట్‌డౌన్ అంటూ ఆ ఆత్రాన్ని పెంచిందీ అమ్మకందారులే. తెల్లారితే కథంతా ఫోన్‌లో పడుతుందని, తోటి అభిమానుల ముందు తలవంపు అని భయపడే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి స్వేచ్ఛగా ఎంచుకునే హక్కు ఉందని వాదించడానికి నోరెలా వస్తోంది? ఉపాధి హామీ కూలి 2025లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. ఒక్క టికెట్ అంటే తల్లో తండ్రో మూడు రోజులు ఎండలో తట్ట మోసినా తీరని అప్పు.

ఖజానా మాట మరీ అన్యాయం. జీఎస్టీతో కలిపి వెయ్యి అన్నారు. 18 శాతం లెక్కన అందులో పన్ను సుమారు 153 రూపాయలు, రాష్ట్రం వాటా 76. మిగిలిన 847 ఎవరి జేబులోకి పోతున్నాయో వేరే చెప్పాలా? బ్లాక్‌లో పోయే డబ్బు పన్ను రూపంలో ప్రభుత్వానికి వస్తుందన్న వాదన అంతకంటే సిగ్గుచేటు. బ్లాక్ టికెట్ నేరం. నేరాన్ని పట్టుకోవాల్సిన ప్రభుత్వం, అదే ధరను కౌంటర్లో వసూలు చేయించి దాన్ని ఆదాయం అని చెప్పుకుంటుందా?

పైరసీ వల్ల తొలి వారంలోనే పెట్టుబడి రాబట్టుకోవాలన్న నిర్మాతల బాధ నిజమే, చిన్న ఊళ్ల థియేటర్లు నడవలేకపోతున్నదీ నిజమే. 2021లో అయిదు, పది రూపాయల టికెట్లతో నాటి ప్రభుత్వం థియేటర్లను నలిపేయడమూ తప్పే. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రైవేటు సినిమా టికెట్ల మీద సర్కారు పెత్తనమేమిటని ‘రిపబ్లిక్’ సినిమా వేదిక మీద గొంతెత్తింది పవన్ కల్యాణే. 2025 మేలో, ధరల కోసం నిర్మాతలు విడివిడిగా రావద్దు, ఫిల్మ్ ఛాంబర్ ద్వారానే రావాలని హితవు చెప్పిందీ ఆయనే. అయినా తర్వాత వచ్చింది పరిశ్రమ మొత్తానికి వర్తించే నిబంధన కాదు, ఆయన హీరోగా ఉన్న ఒక్క సినిమాకు, ఆయన భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. ఎంత చిత్తశుద్ధి ఉన్నా ఈ అనుమతి ప్రజల కంటికి ఎలా కనిపిస్తుందో ఆయనకు తెలియనిది కాదు.

2025 సెప్టెంబరు 22, సోమవారం నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అదే రోజు ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు మొదలయ్యాయి. పెంచిన ధరల పది రోజుల్లో ఎక్కువ భాగం పిల్లల దసరా సెలవుల మీదే పడింది. 80 రూపాయల టికెట్‌కు 125 కలిపితే రెండు వందలు దాటుతుంది, నలుగురు వెళ్తే ఎనిమిది వందల పైమాటే. వంద దాటగానే మళ్లీ 18 శాతం పన్ను. కేంద్రం తగ్గించానన్న ఆ కొద్ది రూపాయలు మన ఊరి థియేటర్ గేటు దాకా కూడా రాలేదు.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఇలాంటి ముందస్తు ఆట తొక్కిసలాటలోనే ఒక తల్లి చనిపోయింది. 2025 జనవరిలో రాజమహేంద్రవరం ‘గేమ్ ఛేంజర్’ సభ నుంచి ఇంటికి వెళ్తూ ఇద్దరు యువకులు రోడ్డు మీద ప్రాణాలు వదిలారు. ఈ ఆత్రాన్ని చల్లార్చాల్సిన చోట ప్రభుత్వం దాన్ని అర్ధరాత్రి వేలానికి పెట్టింది. జాతీయ రహదారి పక్కన బతికే జగ్గయ్యపేట, నందిగామ పోలీసులకు అలాంటి రాత్రుల్లో వరసగా దూసుకొచ్చే బైకుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ధరల పెంపుకు అందరికీ ఒకే నిబంధన రాయాలి. ఏ సినిమాకు ఎంత ఖర్చయిందో, ఏ లెక్కన ఎంత పెంచారో ప్రజల ముందు పెట్టాలి. జీవో 13 పేదవాడి కోసం కేటాయించిన 25 శాతం సీట్లను ఏ పెంపూ తాకకూడదు. అన్నిటికంటే ముందు 24వ తేదీ రాత్రిలోగా ఆ వెయ్యి రూపాయల అనుమతిని రద్దు చేయాల్సింది. ఆ మాట ఉపముఖ్యమంత్రే ముఖ్యమంత్రికి చెప్పాల్సింది.