అరువు పేరు, సొంత చేయి

గత మాసమున ఒకనాటి సాయంకాలము మన సంఘ సభ్యుల ఇంటి యువకుడొకడు మా అంగడికి వచ్చి, తన చేతి గడియారమును విప్పి మా గల్లాపెట్టెపై నుంచెను. నల్లని డయలు, దానిలో మూడు చిన్న వలయములు, ప్రక్కన రెండు మీటలు, నడుమ జగత్ప్రసిద్ధమైన ఒక స్విట్జర్లాండు కంపెనీ పేరు. లక్షలు వెలగల వస్తువు మన ఆండర్సన్‌పేట కుఱ్ఱవాని చేతికి ఎట్లు వచ్చెనా యని మేము తెల్లబోయితిమి. అతడు నవ్వి, "మామా, ఇది నేను కూర్చినదే" అనెను. డయలు ఒకచోటినుండి, ముల్లులు ఒకచోటినుండి, డబ్బా మఱొకచోటినుండి, లోపలి మిషను వేఱొకచోటినుండి తెప్పించి, ఇంటిలో దీపము క్రింద కూర్చుండి, అచ్చు గుద్దినట్లు చేసినాడట. ఇట్టివానిని అడిగి కొనువారు బెంగళూరున గలరట. "దీనిలో తప్పేముంది మామా, మీరే చెప్పండి" అని అతడడిగిన మాటకు ఆనాడు మేము చప్పున జవాబీయలేకపోయితిమి. ఆలోచించి ఈ వారము చెప్పుచున్నాము. అతనికొక్కనికే గాక, తెల్లవారకముందే మారికుప్పము బండి యెక్కి బెంగళూరునకు పోయి రాత్రికి తిరిగివచ్చు మన పిల్లలందఱికిని ఈ మాట చెందును.

మొదట అతని పని యేపాటిదో న్యాయముగా చెప్పవలెను. క్రోనోగ్రాఫు అనగా వేళను చూపుటయే గాక, మీట నొక్కినప్పటినుండి మరల నొక్కువఱకు గడచిన కాలమును వేఱుగా లెక్కించు గడియారము. గ్రీకు భాషలో ఆ మాటకు కాలమును వ్రాయునదని అర్థము. 1821లో పారిస్ నగరమున రియుసెక్ అను గడియారముల పనివాడు గుఱ్ఱపు పందెములయందు ఏ గుఱ్ఱము ఎంతసేపటికి చేరెనో తెలియుటకై, డయలుమీద సిరాచుక్క వేయు యంత్రమును నిజముగనే నడిపించి చూపెను. నేడు సిరా లేదు గాని ఆ పేరు నిలిచినది.

ఇట్టి గడియారమును విడిభాగములనుండి కూర్చుట పిల్లలాట కాదు. క్రింది మీటను నొక్కగానే పెద్ద సెకండు ముల్లును, నిమిషములను లెక్కించు చిన్న ముల్లును సరిగా సున్న గీతపై నిలువవలెను. ముల్లును నొక్కి కూర్చునప్పుడు వెండ్రుకవాసి ప్రక్కకు పోయినను పని చెడును. విప్పి మరల నొక్కినచో రంధ్రము వదులు కావచ్చును. డయలుమీద వ్రేలిముద్ర పడరాదు; అద్దముక్రింద ధూళికణము చిక్కరాదు. కంటికి భూతద్దము, చేతికి పట్టకారు, వీనికన్న ముందు ఊపిరి బిగబట్టు ఓర్పు కావలెను. భూమిలో మూడువేల మీటర్లకు పైబడిన లోతున పని చేసినవారి మనుమలకు ఆ ఓర్పు రక్తములోనే ఉన్నదని మేము సంతోషించితిమి.

లోపలి మిషనుల సంగతియు అతడు మాకు చెప్పెను. ఈ పనివారు విశేషముగా వాడునవి రెండు. ఒకటి జపాను దేశపు సైకో వారి వీకే63. ఇది వేళను బ్యాటరీతో నడిపించి, క్రోనోగ్రాఫు ముల్లులను సున్నకు తెచ్చు పనిని మాత్రము చిన్న సుత్తివంటి లోహపు మీటతో చేయించును. రెండవది చైనాలోని టియాన్‌జిన్ వారి ఎస్‌టీ19. ఇది కీ ఇచ్చిన నడచునది. గంటకు 21,600 మారులు కొట్టుకొనును.

ఇచ్చట ఒక చమత్కారము గలదు. వీకే63లో కుడివైపు చిన్న ముల్లు లెక్కించునది నిమిషములను గాదు. పగలు రాత్రి కలిపి ఇరువదినాలుగు గంటలను చూపును. కాని ఏ ప్రసిద్ధ గడియారమునకు నకలు తీయుచున్నారో, దానిలో ఆ స్థానమున ముప్పది నిమిషముల లెక్క యుండును. అచ్చముగా మూలమువలె నుండవలెనని డయలుపై ముప్పది అంకె వేసిరో, లోపలి ముల్లు ఒకటి చెప్పును, పైనున్న అంకె మఱొకటి చెప్పును. చూపునకు ఎంత సరిపోయిన, పనిలో అంత తప్పిపోవును. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లన్న సామెత మాకు ఆ డయలును చూడగానే స్ఫురించినది.

ఇక అతని ప్రశ్నకు వత్తము. పరుల భాగములను తెచ్చి కూర్చుట తప్పా? కాదనియే మా అభిప్రాయము. గొప్ప గొప్ప కంపెనీలును ఈ పని చేసినవే. రోలెక్సు వారి డేటోనా గడియారములో 1988 మొదలు 2000 వఱకు ఉండిన మిషనునకు మూలము జెనిత్ కంపెనీ చేసినది. 1969లో చంద్రునిపై కాలుమోపినవారి వెంట వెళ్ళిన ఒమెగా స్పీడ్‌మాస్టరులోని మిషను లెమానియా కర్మాగారమునుండి వచ్చినది. కొన్నవారును అమ్మినవారును ఎఱిగి చేసిన బేరములవి.

పరులయొద్ద విద్య నేర్చుట తప్పా? అదియును కాదు. 1961లో బెంగళూరున హెచ్.ఎం.టి. వారు జపానులోని సిటిజన్ కంపెనీ సహకారముతో చేతిగడియారముల నిర్మాణమునకు పూనుకొనిరి. విద్య జపానుది, డయలుమీది పేరు మాత్రము హెచ్.ఎం.టి.దే. ఆ 1961లోనే చైనావారు స్విట్జర్లాండులోని వీనస్ కంపెనీయొద్ద క్రోనోగ్రాఫు మిషను చేయు యంత్రసామగ్రిని ధనమిచ్చి కొని, తమ వాయుసేనకై గడియారములు చేయ నారంభించిరి. పైన మేము చెప్పిన ఎస్‌టీ19 ఆ వంశములోనిదే. ఇరుదేశములవారును పరులయొద్ద నేర్చిరి. ఇరువురును సొంత పేరు పెట్టుకొనిరి. మన పిల్లవాడు విద్య నేర్చినాడు గాని పేరును మాత్రము అడుగక తెచ్చుకొన్నాడు. తప్పంతయు ఆ ఒక్క అంగుళము చోటులో, డయలు నడుమనే యున్నది.

"కొనువానికి నిజము చెప్పియే అమ్ముచున్నాను" అని అతడు చెప్పెను. చెప్పుచున్నాడనియే మేము నమ్ముచున్నాము. కాని వ్యాపారమున ఇరువదియేండ్లు గడపిన మాకు తెలిసిన మాట యొకటి గలదు: సరుకు మొదటి చేతిలో నిలువదు. మా వీధిన చిల్లర దుకాణము నడుపుకొను ఒక పెద్దమనిషి ముప్పదియైదువేల రూపాయల బాకీక్రింద ఇట్టి గడియారము నొకదానిని పుచ్చుకొనెను. కుమార్తె కాలేజీ ఫీజు కట్టవలసివచ్చినపుడు దానిని బెంగళూరునకు తీసికొనిపోగా, అచ్చటివారు వెనుకమూత విప్పి చూచి, మాటాడక తిరిగి చేతిలో పెట్టిరి. ఆయన బాకీదారు నడిగినాడు. అతడు తన బావమఱదియొద్ద పుచ్చుకొన్నాడట. బావమఱదికి స్నేహితుడు పెండ్లికి బహుమానముగా నిచ్చినాడట. నోటితో ఎవ్వరును అబద్ధమాడలేదు. ఆడినదంతయు డయలే. ఫీజు మాత్రము వడ్డీకి తెచ్చి కట్టవలసివచ్చినది.

చట్టము సంగతియు పిల్లలు తెలిసికొనవలెను. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము ప్రకారము పరుల గుర్తును అక్రమముగా వస్తువుపై వేసినవారికిని, అట్టి వస్తువును అమ్మినవారికిని ఆఱు నెలలకు తక్కువగాని, మూడేండ్లకు మించని ఖైదును, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వఱకు జుల్మానాయు గలవు. కుటుంబమున ఒక్కడే సంపాదించువాడైన యింటికి ఆ ఆఱు నెలలు ఎట్టివో వేఱుగా చెప్పనక్కఱలేదు.

"లక్షలు గుంజుకొను విదేశపు కంపెనీకి మనవలన వచ్చిన నష్టమేమి? ఇచ్చట గనులు మూసిరి, పని లేదు, మేమేమి చేయవలెను?" అని కొందఱు యువకులు వాదించుచున్నారు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన నాటినుండి ఈ పట్టణము పడుచున్న పాట్లు మా అంగడి లెక్కల పుస్తకములోనే కనబడును. విదేశపు కంపెనీ కొఱకు కన్నీరు కార్చుమని మేము ఎవ్వరిని కోరము. మా విచారము కంపెనీ గూర్చి కాదు. చిల్లర దుకాణము పెద్దమనిషిని గూర్చి, మన పిల్లవాని చేతులను గూర్చి. నూటికి నూఱుపాళ్ళు పని అతనిది, కీర్తి యంతయు మఱొకనిది! పదియేండ్లు ఇట్లే చేసినను, "ఇది ఫలానావాని చేతిపని" అని చెప్పుకొనుటకు అతనికొక్క గడియారమైనను మిగులదు. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు నగలను గూర్చి చెప్పిన మాట పేర్లకును వర్తించును.

మనది బంగారపు ఊరు. బంగారమును గీటురాతిపై గీచి చూడక పుచ్చుకొనరాదని ఇచ్చట చిన్నపిల్లలకును తెలియును. 2021 నుండి నగలపై హాల్‌మార్కు ముద్ర తప్పనిసరియగుచు వచ్చినది. రాగి నగను రాగియని చెప్పి అమ్మిన వర్తకుని ఎవ్వరును నిందింపరు. గిల్టు నగను గిల్టని చెప్పి అమ్ముట గౌరవమైన వ్యాపారమే. దానిపై మేలిమి ముద్ర కొట్టినపుడే అది దొంగతన మగును. గడియారమునకు ముద్ర దాని డయలుమీది పేరే.

అట్లైన చేయవలసిన దేమి? మాకు తోచినవి మూడు మాటలు చెప్పెదము.

మొదటిది: ఆ మిషను, ఆ డబ్బా, ఆ ముల్లులే యుండనిమ్ము. డయలు మాత్రము సొంతముగా అచ్చువేయించుకొనవలెను. లోపలి ముల్లు ఇరువదినాలుగు గంటలు చూపిన, పైనను ఇరువదినాలుగు అంకెయే వేయవలెను. గంటలకు ౧ మొదలు ౧౨ వఱకు మన తెలుగు అంకెలు వేసినచో ఎంత శోభగా నుండును! హెచ్.ఎం.టి. వారు దేవనాగరి అంకెల డయలుతో జనతా గడియారములు చేసిరి; వానిని నేడు వెదకి కొనువారున్నారు. మన అంకెలు పంచాంగములలో తప్ప పిల్లలకు కనబడని ఈ కాలమున, ఆండర్సన్‌పేటలో కూర్చిన తెలుగు గడియారమును బెంగళూరు, హోసూరు, చిత్తూరుల తెలుగువారు కొనరా?

రెండవది: మన యిండ్ల బీరువాలలో నిలిచిపోయిన హెచ్.ఎం.టి.లు ఎన్నియో కలవు. మా తండ్రిగారి జనతాయును అట్లే పడియున్నది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆ గడియారముల కంపెనీ మూసివేతకు ఆమోదమిచ్చిన పిదప వానిని బాగుచేయువారు కఱవైరి. పాతవానికి రంగురంగుల క్రొత్త డయళ్ళు వేసి, పాత సరుకేనని నమ్మించి అమ్ము వ్యాపారము బొంబాయి మొదలగు చోట్ల సాగుచున్నది. మన పిల్లలు దీనిని తిరుగవేయవలెను. క్రొత్త భాగము వేసినచో చీటీపై "డయలు క్రొత్తది, మిషను పాతది" అని వ్రాసియిచ్చి, వ్రాత క్రింద సంతకము చేయవలెను. ఆ చీటీ మూడవ చేతికి పోయినను నిజమే చెప్పును.

మూడవది మన సంఘము చేయవలసినది. మన బజారులో వాచీలు బాగుచేసిన వృద్ధులు ఇంకను ఒకరిద్దఱున్నారు. వారికి విద్య యున్నది, చూపు తగ్గినది. పిల్లలకు చూపున్నది, నేర్పువారు లేరు. ఆదివారమునాడు మన పఠనమందిరమున ఒక బల్ల, మంచి దీపము, గడియారము నడకను కొలుచు యంత్రమొకటి ఏర్పఱచినచో ఇరువురును ఒకచోట కూడుదురు. ఆ యంత్రమునకగు సొమ్ములో సగము మేమిచ్చెదము. తక్కిన సగమును సభ్యులు చందాలుగా కూర్చవలెనని కోరుచున్నాము.

ఆ యువకునికి ఒక మాట. నాయనా, నీవు ఆనాడు మా యెదుట పెట్టిన గడియారమును చూచి మేము మోసపోయితిమి. అది నీ పనితనమునకు గుర్తు. దానిని తీసికొనిపోయి ఆ డయలును విప్పివేయుము. సొంత డయలుతో చేసిన మొదటి క్రోనోగ్రాఫును, న్యాయమైన వెల చెప్పి, మాయొద్దకే తీసికొనిరమ్ము. బేరమాడక కొందుము.