ఆకు సాక్షియే గాని వైద్యుడు గాదు

తొలకరి రాగానే మన పాఠశాలలలో మొక్కలు నాటుట ఆచారమైనది. అది మంచి ఆచారమే. అయినను, కర్మాగారము చుట్టును చెట్లు పెంచినచో దాని పొగవలని కీడంతయు తీరిపోవునని పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకము సగమే సత్యమని మా యభిప్రాయము.

లోహములను కరగించు కొలుములనుండియు, పాత బ్యాటరీలనుండి సీసము దీయు చోటులనుండియు సీసము, కాడ్మియము మొదలగు లోహముల సన్నని ధూళి గాలిలో గలియును. ఆకు దానిని పట్టి నిలుపును. నున్నని యాకుకంటె నూగుగల గరుకుటాకుపై నది యెక్కువగా నిలుచును. నేలబడిన లోహమును కొంత వేళ్లు పీల్చుకొనును. అందు సీసము చాలవఱకు వేళ్లయందే యాగిపోవును. కాడ్మియము సులభముగా నాకులకెక్కును. కావున అట్టి తావున పెరిగిన తోటకూరను కడిగినచో పైధూళి పోవును గాని లోపలి లోహము పోదు.

ఆకుపచ్చని సాక్షి యెంత యుపకరించునో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర వృత్తాంతము తెలుపుచున్నది. 2013వ సంవత్సరమున ఆ దేశపు అటవీశాఖ పరిశోధకులు అచ్చటి చెట్లపై పెరుగు నాచునుండి 346 నమూనాలు సేకరించిరి. నాచునకు నిజమైన వేళ్లు లేవు. దాని యాహారము చాలవఱకు గాలినుండియే వచ్చును. రంగుగాజు చేయు కర్మాగారముల చెంత కాడ్మియము మిక్కుటముగా నున్నదని ఆ నాచు తెలిపెను. 2016వ సంవత్సరమున ఈ సంగతి వెల్లడి కాగా, అట్టి కర్మాగారముల పొగను అదుపుచేయు నియమములు వెలసెను. అచ్చట కీడును తగ్గించినది నాచు గాదు, దాని సాక్ష్యమును విన్న మనుష్యులు.

సీసము మూలపదార్థము, అది కుళ్లి నశించునది కాదు. ఆకు రాలి మన్నైనను సీసము మన్నులో నుండును. ఆకును కాల్చినచో బూడిదలోనికిని పొగలోనికిని పోవును. మేక మేసినచో మేకలోనికి బోవును. చెట్టు విషమును కొంతకాలము మోయును, అంతియే.

కర్మాగారములు అనేక కుటుంబములకు కూడు పెట్టుచున్నవి. వానిని మూయుడని మేము కోరము. కాని సీసము కొంచెమైనను పిల్లల బుద్ధివికాసమునకు హానికరము. నిరపాయమని చెప్పదగిన పరిమాణమే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున వడపోత యంత్రములు నిత్యము పనిచేయవలెను. చుట్టుపట్ల ఆకులను, మన్నును పరీక్షించి ఆ లెక్కలు జనులకు తెలుపవలెను. అట్టి తావులలో ఆకుకూరలు పండింపరాదు. మన దేశమున 2000వ సంవత్సరమున సీసము గలిపిన పెట్రోలు అమ్మకము నిలిచినది. దారిప్రక్క చెట్లు ఆ సీసమును మ్రింగునని యూరకుండక, మూలముననే మాన్పుట చేతగదా గాలి మేలుపడినది!

విద్యార్థులారా, మొక్కలు నాటుడు, నీరు పోయుడు. ఒకనాడు దారిప్రక్క ఆకును తెల్లగుడ్డతో తుడిచి చూడుడు. ఆ మసి యంతయు లోహము కాకపోవచ్చును. అది పరీక్షవలననే తెలియును. కాని ఇది యెచ్చటినుండి వచ్చినదని యడుగుట మీ హక్కు. దానికి ప్రత్యుత్తరమిచ్చుట పెద్దలమైన మా విధి.