జిన్నారం వచ్చిన స్త్రీ ఎన్నేళ్లకు జిన్నారం స్త్రీ అవుతుంది?

పౌరసత్వం అనగానే మనకు పాస్‌పోర్టులూ, వీసాలూ, విమానాశ్రయాలూ గుర్తుకొస్తాయి. హెచ్-1బి ఉద్యోగి భార్యగా అమెరికా వెళ్లిన తెలుగు యువతి పెద్ద చదువు ఉండి కూడా పనిచేసే హక్కు లేక ఇంట్లో కూర్చోవలసి రావడం గురించి మన పత్రికలు ఎంతో రాశాయి. రాయవలసిందే. 2015లో అక్కడి ప్రభుత్వం అలాంటి భార్యల్లో కొందరికి పని అనుమతి ఇచ్చినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే భర్త కాగితానికి వేలాడే అలాంటి బతుకునే, ఏ దేశ సరిహద్దూ దాటకుండా, మన సంగారెడ్డి జిల్లా జిన్నారం చుట్టుపక్కల ఎందరో స్త్రీలు బతుకుతున్నారు. వారి గురించి మనం ఎంత రాశాం?

బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి, పాశమైలారం - ఈ పారిశ్రామిక వాడల్లోని మందుల కంపెనీలూ, రసాయన కర్మాగారాలూ, ఇనుము పరిశ్రమలూ బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ శ్రామికులు లేకుండా ఒక్కరోజు నడవవు. వీరంతా భారత పౌరులే. దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ వారికి ఇచ్చింది. కానీ స్థిరపడ్డారని ఒప్పుకునేదెవరు?

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకాన్నే చూడండి. తెలంగాణ చిరునామా ఉన్న స్త్రీ పటాన్‌చెరు దాకా ఉచితంగా బస్సెక్కుతుంది. అదే కంపెనీలో ఆమె పక్కనే ప్యాకింగ్ చేసే ఒడిశా స్త్రీ టికెట్టు కొనాలి. ఇద్దరిదీ ఒకే పని. కొన్న సబ్బు మీద ఇద్దరూ కట్టేది ఒకే పన్ను. తేడా అంతా ఆధార్ కార్డు మీది చిరునామాలో ఉంది. మరి మార్పించుకోవచ్చు కదా అంటారు. కిరాయికిచ్చిన యజమాని అగ్రిమెంటు రాసివ్వడు, కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తుంది. ఐదారు గదుల వరసలో ఎవరెవరు ఉంటున్నారో కాగితం మీద పెట్టడం ఆయనకు ఇష్టం ఉండదు.

మగవాడి కంటే స్త్రీకి ఈ చిక్కు ఎక్కువ. ఆమె పేరు మొదట తండ్రి రేషన్ కార్డులో ఉంటుంది. పెళ్లయ్యాక అక్కడ తీసేయించాలి, అత్తవారి కార్డులో ఎక్కించాలి. ఈ రెండు పనులూ మగవాళ్లు తిరిగి చేయించాల్సినవే. ఈలోగా ఆమె భర్త వెంట రైలెక్కుతుంది. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది, నిజమే. కార్డులో పేరే లేని స్త్రీకి దానివల్ల గింజ కూడా రాదు. నాతో మాట్లాడిన ఒక బీహార్ స్త్రీ, పుట్టింటి కార్డులో తన పేరు తీసేశారనీ, అత్తింటి కార్డులో ఎక్కించలేదనీ, ఇక్కడ ఎవరూ అడగనే లేదనీ చెప్పింది.

శ్రామిక చట్టాలు కూడా ఈ స్త్రీని చూడలేకపోయాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు, అంతకుమించి వలస కార్మికులున్న చోట్ల వర్తించేది. ఊరు విడిచి వచ్చినందుకు ప్రత్యేక భత్యం కూడా ఇమ్మంది. అయినా ఇటుక బట్టీకి ఆలుమగలు జంటగా వస్తే అడ్వాన్సు మగవాడి చేతికే అందేది, ఆమె చేసిన ఇటుకలు ఆయన లెక్కలోనే పడేవి. ఇప్పటికీ అంతే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ సొంతంగా వలస వచ్చినవారినీ లెక్కలోకి తీసుకుంది, అది మంచిదే. కానీ ఐదుగురి పరిమితిని పదికి పెంచింది, ఆ భత్యాన్ని ఎత్తేసింది. చిన్న పనిచోట్లలో ఎక్కువగా ఉండే స్త్రీలే దీనివల్ల నష్టపోతారు.

లెక్కలో లేకపోవడం ప్రాణాల మీదికి ఎలా వస్తుందో ఈ జిల్లా రెండుసార్లు చూసింది. లాక్‌డౌన్‌లో కంది ఐఐటీ నిర్మాణంలో ఉన్న వలస కూలీలు ఇంటికి పంపమని రోడ్డెక్కాకనే, 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారం పేలుడులో 50 మందికి పైగా బలయ్యారు. వారిలో ఎక్కువ మంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారే. 8 మంది శరీరాల ఆనవాళ్లు కూడా దొరకలేదు. భర్త చనిపోయాడని రుజువు చేసుకోవలసిన స్త్రీకి, తానెవరో ఈ నేల మీద రుజువు చేసుకునే కాగితం కూడా లేకపోతే, ఆ నష్టపరిహారం కోసం ఆమె ఎవరి వెనక తిరగాలి?

ఓటు సంగతి మరీ అన్యాయం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 'మామూలుగా నివసించే చోట' ఓటు ఉండాలంటుంది. సొంత ఇల్లు ఉండాలనదు. 2025లో బీహార్ ఓటర్ల జాబితా సవరణలో ముసాయిదా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. వారిలో సుమారు 36 లక్షల మంది శాశ్వతంగా వెళ్లిపోయారు లేదా చిరునామాలో దొరకలేదన్నారు. అక్కడ వలస పోయారని తీసేసి, ఇక్కడ వలస వచ్చారని చేర్చకపోతే ఆ స్త్రీ ఏ ఊరి పౌరురాలు?

మన భూములు పోయాయి, నక్కవాగు విషమయింది, ఉద్యోగాలు మాత్రం బయటివాళ్లకిచ్చారని స్థానికులు అంటారు. ఈ కోపం న్యాయమైనదే. పటాన్‌చెరు కాలుష్యంపై కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కానీ భూమి తీసుకున్నదీ, వాగులోకి విషం వదిలిందీ ఒడిశా కూలీ కాదు. సంఘం పెట్టలేని, ఓటు లేని, ఊరి భాష రాని మనిషి చవగ్గా దొరుకుతుంది కనుకనే యజమాని ఆమెను పెట్టుకుంటున్నాడు. ఆమెకు హక్కులొస్తే ఆ చవక పోతుంది. స్థానిక స్త్రీ కూలి రేటు కూడా అప్పుడే నిలబడుతుంది.

ముల్కీ పేరెత్తేవారికి ఒక మాట. 1919 నాటి ముల్కీ నిబంధనలు కూడా 15 ఏళ్ల నివాసంతో బయటివారికి ఒక దారి చూపాయి. అయితే అక్కడా ముల్కీ భార్య భర్త ద్వారానే ముల్కీ అయ్యేది. 1955 పౌరసత్వ చట్టం విదేశీయులకు సైతం 12 ఏళ్ల నివాసం తర్వాత దరఖాస్తుకు వీలిచ్చింది. జిన్నారంలో ఇరవై ఏళ్లున్న ఒడిశా స్త్రీకి మాత్రం ఏ గడువూ లేదు. పాలమూరు కూలీలను దేశమంతటి ప్రాజెక్టులకూ, కరీంనగర్, నిజామాబాద్ బిడ్డలను గల్ఫ్‌కూ పంపిన తెలంగాణ ఈ అన్యాయాన్ని మరొకరికి చేయకూడదు.

అందుకే మనం కొన్ని డిమాండ్లు స్పష్టంగా పెట్టాలి. ఆరు నెలలు ఇక్కడ నివసించిన ఏ స్త్రీనైనా ఇక్కడి నివాసిగా గుర్తించాలి. ఆమె స్వయంగా ఇచ్చే ప్రకటన, తోటి కార్మికురాలి లేదా అంగన్‌వాడీ టీచర్ ధ్రువీకరణ అందుకు చాలాలి. బస్సు, రేషన్, ప్రసూతి సాయం ఆ గుర్తింపుతోనే అందాలి. పని రిజిస్టర్లో ఆమె పేరు, ఆమె కూలి వేరుగా ఉండాలి. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నుంచి చట్టం చెబుతోంది. కాంట్రాక్టు స్త్రీలను కూడా కలిపి లెక్కించాలి. ఓటరు నమోదు అధికారులు కార్మికుల గదుల దగ్గరికే, షిఫ్టు ముగిశాక, రావాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవి. మనం చేయవలసింది కూడా ఉంది. జిన్నారంలో జరిగే మన సమావేశాల్లో హిందీ, ఒడియా మాట్లాడే స్త్రీలు ఎందరు కూర్చుంటున్నారు? మన సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో వారి పేర్లు ఎన్ని ఉన్నాయి? వచ్చే మార్చి 8 లోపు ప్రతి సంఘమూ ఒక్కొక్క బస్తీ ఎంచుకుని, అక్కడి వలస స్త్రీల పేర్లు వారి మాటల్లోనే రాసుకుని, ఆ జాబితాతో తహసీల్దారు కార్యాలయానికి వారితో కలిసి వెళ్దాం.