గైడ్‌లో ఒకటి, తెరపై మరొకటి.. సెట్‌టాప్ బాక్సులు బాగుపడేదెప్పుడు?

రిమోట్‌లో గైడ్ బటన్ నొక్కితే రాత్రి 9 గంటలకు సినిమా అని చూపిస్తుంది. ఛానెల్ పెడితే అవార్డుల ఫంక్షన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. పోనీ సీరియల్‌ రికార్డింగ్ పెట్టుకుని పెళ్లికో, ఊరికో వెళ్లి వస్తే.. ముందు ప్రోగ్రాం చివరి పది నిమిషాలు రికార్డ్ అయి ఉంటాయి. అసలు ఎపిసోడ్ చివర్లో ఏం జరిగిందో మాత్రం ఉండదు. ఫోన్‌లో వీడియో చూస్తే ఎక్కడ ఆపామో అక్కడి నుంచే మొదలవుతుంది. మరి నెలనెలా రీఛార్జ్ చేసే టీవీలో ఈ తిప్పలేంటి?

ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. కానీ ట్రాయ్ లెక్కలు చూస్తే టీవీ కంపెనీలకు ఇది చిన్న విషయం కాదని అర్థమవుతుంది. 2020 చివర్లో దేశంలో పే డీటీహెచ్ యాక్టివ్ కనెక్షన్లు సుమారు 7 కోట్లు. 2025 మార్చి నాటికి ఆ సంఖ్య 5.7 కోట్ల దగ్గరికి పడిపోయింది. చవక మొబైల్ డేటా, ఓటీటీలు, నెల చందా లేని డీడీ ఫ్రీ డిష్.. కారణాలు చాలానే ఉన్నాయి. వీటిలో చాలావరకు డీటీహెచ్, కేబుల్ సంస్థల చేతిలో లేనివే. గైడ్, రికార్డింగ్ మాత్రం పూర్తిగా వాళ్ల చేతిలో ఉన్నవి. అయినా ఏళ్ల తరబడి పట్టించుకోని మూల కూడా ఇదే.

అసలు గైడ్ ఎలా పనిచేస్తుంది?

తెరపై కనిపించే ప్రోగ్రాం గైడ్‌ను ఈపీజీ అంటారు. అందులోని సమాచారం బాక్సు సొంతంగా కనిపెట్టేది కాదు. ముందుగా ఛానెల్ తన షెడ్యూల్ ఇస్తుంది. దాన్ని డీటీహెచ్ లేదా కేబుల్ సంస్థ గానీ, వాళ్ల తరఫున డేటా సేకరించే ఏజెన్సీ గానీ ఒక పద్ధతిలో పెడుతుంది. ఆ తర్వాత వీడియో సిగ్నల్‌తో పాటే అది మీ బాక్సుకు వస్తుంది.

ఇందులో రెండు పొరలు ఉంటాయి. ఒకటి 'ఇప్పుడు ఏం వస్తోంది, తర్వాత ఏం వస్తుంది' అనే సమాచారం. రెండోది వచ్చే కొన్ని రోజుల షెడ్యూల్. రెండో పొర ముందే తయారవుతుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ కావడం సహజం. మొదటి పొర మాత్రం నిమిషాల మీద మారాలి. క్రికెట్ మ్యాచ్ సూపర్ ఓవర్‌కు వెళ్లినా, రియాలిటీ షో ఎలిమినేషన్ అరగంట సాగినా గైడ్ వెంటనే ఆ మార్పు చూపించాలి. మన దగ్గర చాలా ఛానెళ్ల విషయంలో అది జరగడం లేదు. వారం ముందు ఇచ్చిన షెడ్యూలే చివరిదాకా అలాగే ఉండిపోతుంది. ఇక కొన్ని ఛానెళ్లలో రోజంతా ఒకే పేరు, లేదంటే 'సమాచారం లేదు' అనే లైను.

రికార్డింగ్ ఎందుకు తప్పుతోంది?

రికార్డింగ్ బాక్సులు కొత్తవేం కావు. అమెరికాలో టివో, రీప్లేటీవీ 1999లోనే వచ్చాయి. మన దేశంలో టాటా స్కై ప్లస్ 2008లో వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీ పేరు టాటా ప్లే. తర్వాత మిగతా సంస్థలూ హార్డ్ డిస్క్ బాక్సులు తెచ్చాయి. పెన్‌డ్రైవ్ పెడితే రికార్డ్ చేసే చవక బాక్సులు కూడా వచ్చాయి.

అంటే రికార్డ్ చేసే సామర్థ్యం మన ఇళ్లకు ఎప్పుడో వచ్చేసింది. స్థలం కూడా పెద్ద సమస్య కాదు. హెచ్‌డీ ఛానెల్ సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో వస్తుందనుకుంటే గంటకు 3.6 జీబీ పడుతుంది. ఆ లెక్కన 500 జీబీ డిస్క్‌లో దాదాపు 140 గంటలు పడుతుంది. రోజుకు మూడు అరగంట సీరియళ్లు దాచుకున్నా మూడు నెలలు సరిపోతుంది.

తేడా కొట్టేది టైమర్ దగ్గర. మన బాక్సులు ఎక్కువగా గడియారం చూసి రికార్డ్ చేస్తాయి. 8 గంటలకు మొదలుపెట్టు, 8:30కి ఆపు.. అంతే. ప్రోగ్రాం ఆలస్యమైతే బాక్సుకు తెలియదు. బ్రిటన్‌లో ఫ్రీవ్యూ బాక్సులు ఇలా చేయవు. అక్కడ ప్రతి ఎపిసోడ్‌కు, ప్రతి సిరీస్‌కు విడి గుర్తింపు కోడ్ ఉంటుంది. ఛానెల్ నుంచి 'ఇప్పుడు ఈ ప్రోగ్రాం మొదలైంది' అనే సంకేతం రాగానే రికార్డింగ్ మొదలవుతుంది, అయిపోయాక ఆగుతుంది. టైమ్ మారినా, రోజు మారినా సిరీస్ కోడ్‌ను బట్టి బాక్సు పట్టేస్తుంది. ఇందుకోసం నెలవారీ చందా కట్టక్కర్లేదు, ఫ్రీవ్యూ ఉచిత సర్వీసే.

మన దగ్గర ఖరీదైన బాక్సుల్లో సిరీస్ రికార్డింగ్ ఆప్షన్ ఉంది. కానీ దానికి గైడ్ డేటాయే ఆధారం. ఒకరోజు సీరియల్ పేరు ఒక స్పెల్లింగ్‌తో, మర్నాడు ఇంకో స్పెల్లింగ్‌తో వస్తే ఆ ఆప్షన్ ఉండీ లాభం లేదు.

తెలుగు సీరియల్‌కు తెలుగు పేరేదీ?

రాత్రి ఏడు నుంచి పది మధ్య తెలుగు సీరియళ్లు చూసే ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? చాలా ఇళ్లలో అమ్మ, అమ్మమ్మ, నానమ్మల చేతిలో. వాళ్లలో ఎంతోమంది తెలుగు చక్కగా చదువుతారు, ఇంగ్లిష్ రాదు. గైడ్ మాత్రం వాళ్ల సీరియల్ పేరును కూడా ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే చూపిస్తుంది. అందుకే గైడ్ జోలికి పోకుండా ఛానెల్ నంబర్లు గుర్తుపెట్టుకుని నొక్కుతుంటారు. నంబర్ మారిన రోజు ఇంట్లో గొడవే.

సాంకేతికంగా కుదరదా అంటే కుదురుతుంది. మన డీటీహెచ్ వాడే డీవీబీ ప్రమాణాల్లోనే ప్రోగ్రాం వివరాలకు భాషా కోడ్ పెట్టే వీలుంది, యూనికోడ్ పంపే వీలూ ఉంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలితే, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. 'కార్తీక దీపం' అని ఇంగ్లిష్‌లో రాస్తే 15 బైట్లు, తెలుగులో రాస్తే 34. చోటు రెట్టింపు పైన పడుతుంది, నిజమే. కానీ వీడియోకు సెకనుకు లక్షల బైట్లు పంపే చోట ఇది లెక్కలోకి రాదు. అసలు చిక్కు పాత బాక్సుల్లో ఉంది. వాటిలో తెలుగు ఫాంట్ ఉండదు, ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే సాఫ్ట్‌వేర్ ఉండదు. కొత్తగా ఇచ్చే ఆండ్రాయిడ్ బాక్సులకు ఆ ఇబ్బంది లేదు. ఫోన్‌లో తెలుగు ఎలా కనిపిస్తోందో వాటిలోనూ అలాగే కనిపిస్తుంది. అంటే అడ్డు టెక్నాలజీ కాదు, తెలుగులో డేటా తయారు చేయించకపోవడం.

చూపు లేనివాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. అమెరికాలో కామ్‌కాస్ట్ 2014లోనే మాట్లాడే గైడ్ తెచ్చింది. ఏ ఛానెల్‌లో ఏముందో బాక్సే చదివి వినిపిస్తుంది. తెలుగులో చదివి వినిపించే సదుపాయం ఫోన్లలో ఉంది. దాన్ని సెట్‌టాప్ బాక్సు దాకా తేవాలి.

రూల్స్ ఏమంటున్నాయి?

గైడ్‌పై నిబంధనలు లేకపోలేదు. 2017 నాటి ట్రాయ్ ఇంటర్‌కనెక్షన్ రెగ్యులేషన్స్ ప్రకారం ఒకే రకం ఛానెళ్లు, అందులోనూ ఒకే భాష ఛానెళ్లు గైడ్‌లో వరుసగా ఉండాలి. ఒక ఛానెల్ ఒకే చోట కనిపించాలి. ఇచ్చిన నంబర్‌ను ఏడాది వరకు మార్చకూడదు.

బాగానే ఉంది. కానీ ఇవన్నీ ఛానెళ్ల వరుస గురించి. అంటే ఛానెల్‌కు, ఆపరేటర్‌కు మధ్య తగువు రాకుండా చూసే రూల్స్. గైడ్‌లో ఉన్న సమాచారం నిజమా కాదా, టైమ్ సరిగా ఉందా, ఏ భాషలో ఉంది.. చందాదారుడికి కావాల్సిన ఈ ప్రశ్నలు వాటిలో లేవు.

పైగా గైడ్, బాక్సు మొదటి తెర ఇప్పుడు డబ్బు తెచ్చిపెట్టే స్థలాలు. బాక్సు ఆన్ చేయగానే మీరు అడగని ఛానెల్ ఒకటి వస్తుంది కదా, దాన్నే ల్యాండింగ్ పేజీ అంటారు. న్యూస్ ఛానెళ్లు సహా చాలా ఛానెళ్లు డబ్బు కట్టి మరీ ఆ చోటు తీసుకుంటాయి. రేటింగ్ ఉన్న ఛానెళ్లను అక్కడ పెట్టొద్దని 2018 డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశించింది. 2019లో టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ట్రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ పోరంతా రేటింగ్‌ల మీదే. తన ఇంట్లో టీవీ ఆన్ చేయగానే ఏం రావాలో చందాదారుడే ఎంచుకుంటే పోలేదా అన్న మాట మాత్రం వెనక్కి వెళ్లిపోయింది.

రికార్డ్ చేసుకున్నది ఎవరి సొంతం?

అసలైన పేచీ ఇక్కడుంది. సొంతంగా చూసుకోవడానికి టీవీ ప్రసారాన్ని రికార్డ్ చేసుకుంటే ప్రసార హక్కుల ఉల్లంఘన కాదని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 39 చెబుతోంది. చట్టం ఆ వెసులుబాటు ఇచ్చినా బాక్సు ఇవ్వదు. రికార్డింగ్‌కు తాళం వేసి దాస్తుంది. పెన్‌డ్రైవ్‌లో రికార్డ్ చేసినా సాధారణంగా అదే బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడదు. బాక్సు పాడై మార్చుకుంటే పాత రికార్డింగ్‌లు పోయినట్టే. కూతురు టీవీ షోలో పాడిన పాట దాచుకున్న ఇంటికి, ఊరి జాతర లైవ్ దాచుకున్న ఇంటికి ఆ నష్టం ఎంతో ఊహించుకోండి.

పైరసీ భయం ఉంది కాబట్టి తాళం అవసరమేనని కంపెనీలు అంటాయి. ఆ భయం నిజమే. కొత్త సినిమా ప్రసారమైన గంటలో టెలిగ్రామ్‌లో తిరుగుతోంది. కానీ తాళం వేయడం వేరు, బాక్సు మారినప్పుడు అదే చందాదారుడి కొత్త బాక్సులో ఆ తాళం తెరుచుకోకపోవడం వేరు.

కంపెనీ మారినప్పుడు పాత బాక్సు పనికిరాకుండా పోవడం దీనికి అన్నలాంటి సమస్య. బాక్సులు ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. ఫోన్ నంబర్ మార్చకుండా నెట్‌వర్క్ మారే వీలు ఎప్పుడో వచ్చింది. బాక్సు మార్చకుండా డీటీహెచ్ మారే రోజు మాత్రం ఇంటి దాకా రాలేదు. మారడం కష్టమైనప్పుడు గైడ్ బాగు చేయాలన్న తొందర కంపెనీకి ఎందుకుంటుంది?

ఇంటర్నెట్ బాక్సులతో సమస్య తీరుతుందా?

కొంతవరకు తీరుతుంది. నెట్ కనెక్షన్ ఉన్న బాక్సులో రికార్డింగ్ సర్వర్‌లోనే ఉంటే చాలు. బ్రిటన్‌లో 2012లో వచ్చిన యూవ్యూ బాక్సులో గైడ్‌ను వెనక్కి జరిపి గడిచిన ఏడు రోజుల ప్రోగ్రాంలను చూడొచ్చు. విదేశాల్లోని తెలుగువాళ్లకు ఈ క్యాచప్ పద్ధతి యప్ టీవీతో బాగానే అలవాటు. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి సర్వీసుల్లో టీవీ వచ్చేదే ఇంటర్నెట్ తీగ మీద కాబట్టి ఇలాంటి సదుపాయానికి దారి ఉంది.

అడ్డొచ్చేది హక్కుల లెక్క. నిన్నటి ఎపిసోడ్‌ను ఛానెల్ తన ఓటీటీ యాప్‌లో పెట్టి చందా అడుగుతుంది. అదే ఎపిసోడ్‌ను డీటీహెచ్ క్యాచప్‌లో ఎందుకిస్తుంది? అలా ఒకే సీరియల్‌కు ప్రేక్షకుడు ఛానెల్ ప్యాక్‌లో ఒకసారి, యాప్‌లో ఇంకోసారి డబ్బు కట్టాల్సి వస్తోంది. ఇక నెట్ సరిగా లేని పల్లెల్లో, డీడీ ఫ్రీ డిష్ చూసే ఇళ్లలో ఈ ముచ్చటే లేదు. వాళ్లకు సిగ్నల్‌తో వచ్చే గైడే దిక్కు.

ఏం చేస్తే మారుతుంది?

భారీ పెట్టుబడులు అక్కర్లేని పనులే ఎక్కువ.

- 'ఇప్పుడు, తర్వాత' సమాచారాన్ని లైవ్‌గా మార్చే బాధ్యత ఛానెళ్లపై పెట్టాలి. ట్రాయ్ సేవా ప్రమాణాల్లో దీన్ని చేర్చాలి.
- ప్రతి సీరియల్‌కు, ఎపిసోడ్‌కు ఒకే కోడ్ ఉండాలి. సిరీస్ రికార్డింగ్ దాంతోనే నడవాలి.
- తెలుగు ఛానెళ్ల షెడ్యూల్ తెలుగు లిపిలోనూ ఇవ్వాలి.
- ల్యాండింగ్ పేజీ వద్దనుకుంటే చివరగా చూసిన ఛానెలే వచ్చే సెట్టింగ్ ప్రతి బాక్సులో ఉండాలి.
- బాక్సు మారినా అదే ఖాతాలో పాత రికార్డింగ్‌లు చూసే వీలుండాలి.

ఈలోగా మీరు చేయగలిగింది

రికార్డింగ్ పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో ముందు, వెనక అదనపు సమయం పెట్టే ఆప్షన్ ఉందేమో చూడండి. ఉంటే ముందు 5, వెనక 15 నిమిషాలు పెట్టుకోండి. క్రికెట్ మ్యాచ్ అయితే వెనక గంట పెట్టినా తప్పులేదు. బాక్సు మార్చే ముందు పాత రికార్డింగ్‌లు ఏమవుతాయో కస్టమర్ కేర్‌ను అడగండి, దాచుకున్న ముఖ్యమైనవి ముందే చూసేయండి. గైడ్‌లో తప్పులుంటే ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. అక్కడ పరిష్కారం కాకపోతే నోడల్ ఆఫీసర్‌ దగ్గరికి వెళ్లొచ్చు. 2017 నాటి ట్రాయ్ సేవా ప్రమాణాల ప్రకారం ప్రతి సంస్థకూ నోడల్ ఆఫీసర్ ఉండాల్సిందే.

గైడ్ తప్పుగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ. విసుగొచ్చి రిమోట్ పక్కన పెట్టి ఫోన్ తీసేవాళ్లే ఎక్కువ. అలా ఫోన్ తీసినవాళ్లలో కొందరు తర్వాతి నెల రీఛార్జ్ కూడా మానేస్తున్నారు. కంపెనీలు ఆ సంఖ్యను ట్రాయ్ రిపోర్టులో చూసుకునే లోపు గైడ్ సరిచేస్తే వాళ్లకే మంచిది.