'చెట్టు' ఎందుకు 'చెటుట' అయింది?

చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా ప్రాంతాల్లో తెలుగు బడికి వచ్చే పిల్లవాడు మూడు లిపులు నేర్చుకోవాలి. ఇంట్లో మాట్లాడే తెలుగు, ఊళ్లో మరాఠీ, పైన ఇంగ్లీషు. అందుకే మూడో తరగతికొచ్చినా చదవలేకపోతే "మూడు భాషలతో గందరగోళం" అనేస్తాం. కొందరైతే సోమరి అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

డిస్లెక్సియా అంటే తెలివి తక్కువ కావడం కాదు, చూపు లోపమూ కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలకు ముడిపెట్టడంలో వచ్చే చిక్కు. అది ఇంటిభాషలోనూ బయటపడుతుంది. తెలుగులో గడగడా కథ చెప్పే పిల్ల అదే కథను తెలుగులో చదవలేకపోతోందంటే ఆలోచించాలి. తెలుగు చక్కగా చదివి మరాఠీలోనే తడబడితే, ఆమెకు ముందు మరాఠీ మాట అలవాటు కావాలి.

ఈ తేడా పట్టుకునే సాధనాల్లో తెలుగు వెనకబడింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన 'డాలి' పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లోనే వచ్చింది. మన పిల్లలను మరాఠీలో మాత్రమే పరీక్షిస్తే భాష రాకపోవడమే లోపంగా లెక్కకొస్తుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు తెలుగు నోటుపుస్తకం తప్పక తీసుకెళ్లండి.

ఆ నోటుపుస్తకంలో 'చెటుట' అని కనిపిస్తే కొట్టివేసి ఊరుకోవద్దు. 'చెట్టు'లో కొమ్ము పై అక్షరానికి ఉంటుంది, నోట మాత్రం వత్తు తర్వాతే పలుకుతుంది. ఈ సంగతి మనలో ఎందరం పిల్లలకు చెప్పాం? మరాఠీ 'పుస్తక్'లో సగం 'స' పక్కన 'త' నిలబడుతుంది, మన 'పుస్తకం'లో 'త' కిందికి దిగుతుంది. రెండూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించండి. గుణింతం బృందగానంలో ఇలాంటి పిల్లలు దాక్కుంటారు, రాగం వస్తుంది గానీ అక్షరం రాదు. చెట్-టు అని చప్పట్లతో విడగొట్టించండి, పలుకుతూ ఇసుకలో రాయించండి. ఒకేలా కనిపించే వ-ప, మ-య ఒకే రోజు నేర్పకండి. రోజూ పావుగంట చాలు, కానీ రోజూ. యాభైసార్లు రాయించే శిక్ష దయచేసి మానండి, అది తప్పునే స్థిరపరుస్తుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పదో తరగతి బోర్డు పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉన్నాయి. వాటికోసం పదో తరగతి దాకా ఆగితే ఆలస్యమే. ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది, కనుక పరీక్షించేవారికీ తెలుగు రావాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. వచ్చే పాలకుల సమావేశంలో జిల్లా పరిషత్ విద్యాధికారికి ఇవ్వాల్సిన మొదటి అర్జీ ఇదే.